మెతుకు పెట్టిన గోపురం: చార్లెస్ వాకర్ పోస్నెట్ జీవితం

మహనీయుల జీవితాలను మనం సాధారణంగా వారు రచించిన గ్రంథాలలోనో, చేసిన ఉపన్యాసాలలోనో వెతుక్కుంటాం. కొందరు మాత్రం తమ జీవితాన్ని రాతిలో వదిలి వెళ్తారు. అటువంటి వారి చరిత్ర తెలుసుకోవాలంటే గ్రంథాలయానికి పోతే చాలదు. వారు కట్టిన నీడలో కాసేపు నిలబడి తల పైకెత్తి చూడాలి. మెదక్ పట్టణంలోని మహాదేవాలయాన్ని నిర్మింపజేసిన చార్లెస్ వాకర్ పోస్నెట్ జీవితం ఆ కోవకు చెందినది.

ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాల వార్షిక పత్రికలో ఒక ఆంగ్లేయ క్రైస్తవ బోధకుని జీవితానికి చోటెందుకని కొందరికి సందేహం కలగవచ్చు. మెదక్ నేలను చూస్తే ఆ సందేహం తీరుతుంది. అక్కడి కొండమీద కాకతీయుల నాటి కోట ఉన్నది. కుతుబ్ షాహీల ఏలుబడిలో ఆ ఊరికి గుల్షనాబాద్ అని పేరు. కోటలో మసీదు ఉన్నది. కోటకు కొంత దూరంలో చర్చి గోపురం ఆకాశాన్ని తాకుతున్నది. ఈ మూడింటినీ ఒకే చూపులో చూడగలవాడే ఆ ఊరి చరిత్రను చదవగలడు. పైగా పోస్నెట్ కథకు కేంద్రమైనది ఆకలి. ఆకలికి మతం లేదు.

పోస్నెట్ 1870లో జన్మించారు. ఇంగ్లండులోని వెస్లియన్ మెథడిస్టు సంఘానికి చెందిన ఈ యువకుడు తన ఇరవై అయిదవ ఏట, 1895లో, సికింద్రాబాదుకు వచ్చారు. అది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పాలనాకాలం. ఆయన సంఘానికి చెందిన విలియం బర్జెస్ ప్రభృతులు 1879 నుండే హైదరాబాదు రాజ్యంలో పనిచేస్తూ ఉండిరి. పోస్నెట్‌కు మొదట అప్పగించిన పని తిరుమలగిరి దండులోని బ్రిటిష్ సైనికులకు ప్రార్థనలు జరిపించడం. మన చెంగిచెర్ల నుండి ఉప్పల్, తార్నాకల మీదుగా సికింద్రాబాదు దాటి పోయే విద్యార్థులకు తిరుమలగిరి తెలియనిది కాదు. ఆ దండులోనే ఉండిపోయి ఉంటే ఆయన జీవితం సుఖంగానే గడిచేది. చక్కని బంగళా, తన భాష మాట్లాడే మనుషులు, వేళకు భోజనం, అన్నీ అక్కడ ఉన్నాయి. అయినా ఆయన మనస్సు ఆ సౌఖ్యంలో నిలువలేదు. 1896లో గుర్రమెక్కి మెదక్ దారి పట్టారు.

నాడు మెదక్‌కు పోవడమంటే రెండు దినాల ప్రయాణం. సికింద్రాబాదు నుండి మన్మాడ్ వైపు పోయే రైలుమార్గం అప్పటికి ఇంకా పడలేదు. అది పడిన తరువాత కూడా రైలు మెదక్ పట్టణాన్ని చేరలేదు. అక్కన్నపేట నుండి పట్టు మార్గం వేసి మెదక్ స్టేషనుకు రైలు నడిపినది 2022 సెప్టెంబరులో. ఆయన గుర్రం నడిచిన దారికి ఇనుప పట్టాలు నూట ఇరవై ఆరు సంవత్సరాల తరువాత చేరినవన్న మాట.

మెదక్ అనే పేరు మెతుకు అన్న మాట నుండి వచ్చిందని లోకంలో ప్రతీతి. నేటికీ ఆ ప్రాంతాన్ని మెతుకుసీమ అని గర్వంగా పిలుచుకుంటారు. మంజీర నీళ్ళు, చెరువుల కింద వరి మళ్ళు ఆ పేరును సార్థకం చేసినవి. కాని వరి పండించిన చేతులకు వరి మెతుకు దక్కడం అరుదు. దొరల భూముల్లో వెట్టి చేసే మాల, మాదిగ కుటుంబాలకు జొన్న గట్కా, అంబలి దొరికితే పండుగ. వారి గుడిసెలు ఊరికి వెలుపల. ఊరి బావిలో వారి చేద మునగరాదు. గుడి గడపను వారి పాదం తాకరాదు. మెతుకుసీమలో మెతుకు కోసం అలమటించే ఈ మనుషుల మధ్యకు పోస్నెట్ చేరారు. నాడు అక్కడ ఉన్నది ఒక చిన్న పెంకుటింటి ప్రార్థనాలయం, వేళ్ళ మీద లెక్కించదగిన కొద్ది కుటుంబాలు.

ఆయన ఒంటరిగా ఈ భారాన్ని మోయలేదు. సోదరి ఎమిలీ పోస్నెట్, ఆమె సహచరి సారా హారిస్ మెదక్‌లో స్త్రీలకు, శిశువులకు సేవచేయడంలో తమ జీవితాలను వినియోగించారు. ప్రసవానికి వైద్యం ఉంటుందన్న సంగతే తెలియని పల్లెలకు అది కొత్త వెలుగు. పోస్నెట్ పల్లెపల్లెకూ తిరిగి, చదువు నేర్పగల స్థానికులను తయారుచేయడంపై శ్రద్ధ పెట్టారు. బోధకులుగా శిక్షణ పొందే పురుషులతోపాటు వారి భార్యలకు కూడా చదువు చెప్పించడం ఆ కాలానికి సాహసమే. అదే సంఘానికి చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రిని నెలకొల్పినప్పుడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ వదాన్యుడు ధనసహాయం చేశారు. క్రైస్తవ వైద్యురాలి చేయి, హిందూ దాత సొమ్ము, ముస్లిం ప్రభువు రాజ్యం కలిసి ఒక ఆసుపత్రిని నిలిపినవి. మన నేలమీద మంచిపని ఏదైనా ఇలాగే జరుగుతూ వచ్చినది.

ఇక్కడ ఒక విమర్శను దాటవేయడం న్యాయం కాదు. పేదలకు అన్నం చూపి మతం మార్చారని ఈ బోధకులపై ఆనాడే ఆక్షేపణ ఉండెను. నేడూ ఉన్నది. పోస్నెట్ మతప్రచారకుడే. ఆయన అందుకే ఈ దేశానికి వచ్చారు. ఆ సంగతిని దాచి ఆయనను కేవలం సంఘసేవకునిగా చిత్రించడం చరిత్రకు ద్రోహం. కాని మారినవారిని అమాయకులుగా, ఒక ముద్దకు అమ్ముడుపోయినవారిగా చూడడం వారికి చేసే రెండవ అవమానం. కరవుకు ముందునుండే మాల, మాదిగ పేటలలో పెద్దలు కూర్చుని, మంచిచెడ్డలు చర్చించుకుని, పేటలకు పేటలుగా తమ దారిని తామే నిర్ణయించుకున్నారు. వారు వెతికినది అన్నంతోపాటు తమను మనిషిగా పలకరించే పిలుపు.

1914లో ఐరోపాలో ప్రథమ ప్రపంచ యుద్ధం రాజుకున్నది. మెదక్ ప్రాంతంలో వానలు ముఖం చాటు చేసినవి. కరవుతోపాటు రోగాలు పల్లెలమీద విరుచుకుపడినవి. గింజ లేదు, పని లేదు. ఈ దశలో ఆకలిగొన్న జనానికి ఏమి చేయాలన్న ప్రశ్న పోస్నెట్ ఎదుట నిలిచినది. ధర్మసత్రం తెరచి ముద్ద పెట్టవచ్చు. కాని చేయి చాచి తిన్న అన్నం కడుపు నింపుతుందే తప్ప తల ఎత్తనివ్వదు. అందుచేత ఆయన పనికి ప్రతిఫలంగా ఆహారం ఇచ్చే మార్గాన్ని ఎన్నుకున్నారు. ఆ పని ఒక మహాదేవాలయ నిర్మాణం.

ఉర్దూ సాహిత్యం చదివే మన విద్యార్థులకు ఈ ఆలోచన కొత్తది కాదు. 1784లో అవధ్ రాజ్యంలో ఘోరమైన క్షామం వచ్చినప్పుడు నవాబు ఆసఫుద్దౌలా లక్నోలో బడా ఇమాంబాడా నిర్మాణాన్ని ఆరంభింపజేసి వేలాది మందికి జీవనోపాధి కల్పించారు. నాటి కులీనులు సైతం పొట్ట కూటికై వచ్చేవారని, వారి ముఖాలు ఇతరులు గుర్తించకుండా రాత్రివేళ పని ఇచ్చేవారని జనశ్రుతి. ఆ కథ అక్షరాలా నిజమైనా కాకపోయినా దానిలోని ధర్మసూక్ష్మం గొప్పది. ఇచ్చేవాడు పుచ్చుకొనేవాని పరువును కూడా కాపాడాలి. లక్నో నవాబుకు తెలిసిన ఈ సూక్ష్మం మెదక్ బోధకునికీ తెలిసినది. ఒకటి ఇమాంబాడా అయినది, మరొకటి చర్చి అయినది.

నిర్మాణానికి నమూనాలు ఎన్నో వచ్చినవట. వాటిలో వందలకొద్దీ తిరస్కరించి, చివరకు ఇంగ్లండుకు చెందిన థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ అనే వాస్తుశిల్పి రచించిన నమూనాను పోస్నెట్ అంగీకరించారని చెబుతారు. అది గోతిక్ శైలి. పన్నెండవ శతాబ్దిలో ఫ్రాన్సులో పుట్టిన ఈ శైలి లక్షణం పైపైకి పోవడం. సూదిమొన తేలిన తోరణాలు, ఎత్తయిన స్తంభాలు, గోడల బరువును తగ్గించి వెలుగును లోపలికి పిలిచే పెద్ద కిటికీలు దాని అంగాలు. గోతిక్ అన్న పేరు మొదట తిట్టు. పునర్వికాస కాలపు ఇటలీ పండితులు రోమక సంప్రదాయాన్ని చెడగొట్టిన అనాగరికుల పని అన్న అర్థంలో ఆ మాటను వాడారు. చిత్రమేమంటే 1386లో మొదలైన మిలాన్ మహాదేవాలయం ఆ ఇటలీలోనే గోతిక్ శైలికి మణిపూస. సూదిమొన తోరణం హైదరాబాదు వాసులకు పరాయిది కానే కాదు. చార్మినార్ నాలుగు దిక్కుల కమానులను, గోలకొండ గుంబదుల గోడలను ఒకసారి తలచుకోండి. ఆ వంపునకు చుట్టరికం మెదక్‌లో కనిపిస్తుంది.

పని పది సంవత్సరాలు సాగినది. ఆనాటి కట్టడపు పని యంత్రాలతో జరిగేది కాదు. బండను పగలగొట్టడం నుండి సున్నం నూరడం వరకు, ఎడ్లబండిమీద రాయి చేర్చడం నుండి తలమీద తట్ట మోయడం వరకు అంతా మనిషి కండతో, పశువుల బలంతో జరుగవలసినదే. దేవాలయం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంట గోపురం ఎత్తు 175 అడుగులు. లోపల బూడిదరంగు రాతి స్తంభాలు. నేలమీద పరచిన రంగురంగుల పలకలు బ్రిటన్ నుండి వచ్చినవి. వాటిని పరచినవారు ఇటలీ దేశపు పనివారు. ఇటలీ పనితనం, ఇంగ్లండు నమూనా, మెతుకుసీమ రెక్కలు ఒకచోట కూడినవి. మొత్తం ఖర్చు ఆనాటి లెక్కలో 14 లక్షల రూపాయలని చెప్పుకుంటారు.

అదే దశకంలో మెదక్ సమీపాన మరొక రాతిపని కూడా నడిచినది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వం 1916, 1922 సంవత్సరాల మధ్య పోచారం జలాశయాన్ని నిర్మించినది. ఒక రాతికట్ట నీటిని నిలిపి పొలాలను తడిపినది, మరొక రాతికట్టడం కూలి ఇచ్చి కడుపులు నింపినది. చర్చి గోపురం గురించి ఒక కథ కూడా ప్రచారంలో ఉన్నది. గోపురం చార్మినార్‌ను మించరాదని రాజ్యాధికారులు పట్టుబట్టారని, పోస్నెట్ యుక్తితో వారిని సమాధానపరిచారని ఆ ప్రాంతపు పెద్దలు చెబుతారు. ఇది జనశ్రుతి. కాని జనం ఒక కట్టడాన్ని చార్మినార్‌తో పోల్చి కథ అల్లినారంటే దానిని తమదిగా ఒప్పుకున్నారని అర్థం.

1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, దేవాలయ ప్రతిష్ఠ జరిగినది. ఒక్కసారిగా అయిదువేల మంది కూర్చోగల విశాలమైన మందిరమది. ఆనాడు లోపలికి నడిచినవారిలో ఊరి బావి గట్టును తాకడానికి నోచుకోనివారు, గుడి గడప దాటనివారు ఎందరో ఉండిరి. తాము మోసిన రాళ్ళ నడుమ, తాము ఎత్తిన కప్పు కింద, ఎవరూ వెనక్కు పొమ్మనకుండా నిలబడడం వారికి జీవితంలో మొదటి అనుభవం. ఆ నిర్మాణానికి అంత ఎత్తు అవసరమా అని అడిగేవారికి నా సమాధానం ఇదే. వంగిన నడుములకు ఎత్తయిన కప్పు అవసరం.

అయినా ఒక ప్రశ్న మిగిలి ఉన్నది. తెలుగు పల్లె నడిబొడ్డున ఇంగ్లండు రూపం ఎందుకు? ఈ ప్రశ్నకు బదులు దోర్నకల్‌లో ఉన్నది. భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య అక్కడ కట్టించిన దేవాలయం 1939లో ప్రతిష్ఠింపబడినది. దానిలో హిందూ దేవాలయ స్తంభాలు, మసీదు గుంబదుల రేఖలు క్రైస్తవ ఆరాధనకు ఒదిగినవి. అజరయ్య ఈ నేల భాషలో కట్టారు. పోస్నెట్ తన పుట్టినింటి భాషలో కట్టారు. ఈ విషయంలో దోర్నకల్ దారి ఉత్తమమైనదని నా అభిప్రాయం. పోస్నెట్ దృష్టి తన కాలపు హద్దులను పూర్తిగా దాటలేదు. కాని కట్టడానికి రూపం ఇచ్చినవాడు ఒకడైతే ప్రాణం పోసినవారు వేరొకరు. ఆ రాళ్ళను మోసినవారు తెలుగువారు, ఆ గోడల మధ్య మోగిన పాట తెలుగు పాట. నూరేళ్ళలో ఇంగ్లండు రూపం మెదక్ రూపమైపోయినది.

దేవాలయానికి తలమానికం దాని రంగుటద్దాల కిటికీలు. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ వీటిని రూపొందించారు. క్రీస్తు ఆరోహణను చూపే కిటికీ 1927లో, జననాన్ని చూపే కిటికీ 1947లో, శిలువ మరణాన్ని చూపే కిటికీ 1958లో అమరినవి. పోస్నెట్ నాలుగు దశాబ్దాలకు పైగా ఈ నేలను సేవించి, వార్ధక్యంలో స్వదేశానికి వెళ్ళి 1950లో పరమపదించారు. అనగా మూడు కిటికీలలో ఆయన మెదక్‌లో ఉండగా వెలుగు చూసినది ఒకటే. 1947లో దక్షిణ భారత సంఘం ఏర్పడి, ఆయన కట్టిన దేవాలయం మెదక్ అధ్యక్ష మండలానికి ప్రధానపీఠం అయినది కూడా ఆయన ఇక్కడ లేనప్పుడే. తాను మొదలుపెట్టిన పని పూర్తికావడాన్ని చూడాలనే కోరిక అందరికీ ఉంటుంది. అది చూడకపోయినా పని ఆగకుండా ఏర్పాటు చేసి పోవడం కొందరికే చేతనవుతుంది.

2024 డిసెంబరుతో ఆ దేవాలయానికి నూరేళ్ళు నిండినవి. ఆ తరువాత కొద్ది కాలానికి మా విద్యార్థులు కొందరితో నేను మెదక్ వెళ్ళాను. మధ్యాహ్నపు ఎండ రంగుటద్దాలలోనుండి జారి నేలమీది పలకలపై పడుతున్నది. పొద్దు వాలేసరికి బొమ్మలు మెల్లగా మాయమై అద్దం నల్లబడినది. ఆ చిత్రాలకు దీపాల వెలుగు చాలదు, సూర్యుడే కావాలి. బయటికి వస్తుండగా మా విద్యార్థిని ఒకామె నన్ను ఒక ప్రశ్న అడిగింది. కట్టించినవారి పేరు తెలుసు, నమూనా గీసినవారి పేరు తెలుసు, అద్దాలు చేసినవారి పేరు తెలుసు. మరి రాళ్ళు మోసినవారి పేర్లు ఎక్కడ అని. పాఠం చెప్పే నేను నిరుత్తరుడనయ్యాను.

ఈ లోపం మెదక్‌ది మాత్రమే కాదు. ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో 1420 నుండి 1436 వరకు ఇటుక మీద ఇటుక పేర్చి లోకప్రసిద్ధమైన గుమ్మటాన్ని లేపారు. దాని రూపశిల్పి బ్రూనెలెస్కి సమాధి ఆ దేవాలయంలోనే ఉన్నది. ఆ ఎత్తున నిలబడి ఇటుక పేర్చినవారిని ఎవరు తలుస్తున్నారు? చార్మినార్ విషయంలోనూ అంతే, ఇమాంబాడా విషయంలోనూ అంతే. చరిత్ర పేరు గలవారిని గుర్తుంచుకుంటుంది, చెమట గలవారిని మరచిపోతుంది.

పోస్నెట్ జీవితం నుండి మనం గ్రహించవలసినది ఈ సందర్భంలోనే స్పష్టమవుతుంది. ఆయన గొప్పతనం గోపురం ఎత్తులో లేదు. కరవునాడు మనిషికి అన్నమూ, పనీ, గౌరవమూ ఒకే పాత్రలో వడ్డించాలని గ్రహించడంలో ఉన్నది. ఆయన మతాన్ని మనం అంగీకరించనవసరం లేదు. ఆయన ఎన్నుకున్న శైలిని మెచ్చుకోనవసరమూ లేదు. ఆ గ్రహింపును మాత్రం ఏ మతస్థుడైనా నేర్చుకోదగును.

మన చెంగిచెర్ల చుట్టూ నేడు గుట్టలు కరిగి భవనాలు లేస్తున్నవి. ఉదయం కళాశాలకు వచ్చేటప్పుడు ఇటుకలు మోసే స్త్రీలను, ఇసుక కుప్ప పక్కన చీర ఉయ్యాలలో నిద్రించే పసివారిని మనం దినమూ చూస్తున్నాం. చూసి ముందుకు సాగిపోతున్నాం. విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. వారిలో ఒకరి పేరైనా అడిగి తెలుసుకోండి. కళాశాల పాలక సంఘంవారికి కూడా ఒక విన్నపం. మన ఆవరణలో ఏనాడైనా కొత్త గది లేచినప్పుడు, దాతల పేర్లు చెక్కే పలక పక్కన మరొక చిన్న పలకమీద దానిని కట్టిన కూలీల పేర్లు కూడా, ఉర్దూలోనూ తెలుగులోనూ, చెక్కించండి. మెదక్ గోపురం కింద మా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు ఆనాడు ఒక చిన్న సమాధానమైనా దొరుకుతుంది.